మూఢం నెలల్లో మా ప్రెస్సు: సాఫ్ట్‌వేర్ మార్పిడి డైరీ

నవంబరు 27

మూఢం మొదలైంది. ఫిబ్రవరి మూడో వారం దాకా ముహూర్తాల్లేవు. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో మాలాంటి చిన్న ప్రెస్సుకు శుభలేఖల్లేని రోజులంటే బిల్‌బుక్కులు, కరపత్రాలు, స్కూలు డైరీలతో నెట్టుకురావడమే. ఈ ఖాళీ చూసుకునే కంపోజింగ్ కంప్యూటర్ చచ్చింది. చావుల్లో ఇది మంచి చావే. కార్తీకమాసంలో పోయుంటే మేం రోడ్డున పడేవాళ్ళం.

మదర్‌బోర్డు పోయిందట. 2009లో అసెంబుల్ చేయించిన పెట్టె, ఇంతకాలం ఉండటమే గొప్ప. మధ్యాహ్నానికి కొత్తది తెచ్చాం. సాయంత్రానికి తేలిందేమంటే అసలు చిక్కు పెట్టెతో కాదు, లాకుతో.

లాకంటే అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ ముక్క. ఒక పక్క 25 సూదులు. వెనకటి ప్రింటర్లు తగిలించే పోర్టులో దీన్ని గుచ్చితేనే మా తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్ నడుస్తుంది. 2003లో నాయన మద్రాసు బస్టాండు వైపు ఒక డీలరు దగ్గర రొక్కమిచ్చి కొన్నాడు. బిల్లు ఇప్పటికీ బీరువాలో ఇంటిపన్ను రసీదుల మధ్య ఉంది. కొత్త కంప్యూటర్‌కు ఆ పోర్టే లేదు. డీలరు నంబరు మోగదు. కొట్టు ఉండిన చోట సెల్‌ఫోను కవర్లు అమ్ముతున్నారు.

కూర్చుని లెక్క తీశా. చచ్చిన మిషన్లో ఏమేం ఉన్నాయి? పేజీలు పేర్చే పేజ్‌మేకర్: ఎవరో ఇచ్చిన సీడీ. ఫొటోలు సరిచేసేది: క్రాకు, అంటే తాళం పగలగొట్టిన కాపీ. విండోస్: అసెంబుల్ చేసినబ్బాయి వేసిచ్చిందే. మొత్తంలో డబ్బు కట్టి కొన్నది ఆ ఫాంట్లు ఒక్కటే. దొంగవన్నీ కొత్త మిషను ఎక్కడానికి సిద్ధంగా ఉన్నాయి. కొన్నదే మొరాయించింది.

"నేను నిజాయితీగా ఉన్న కాడే గదరా దెబ్బ పడింది" అన్నాడు నాయన.

నవంబరు 30

వాయుగుండం. కాగితం చెమ్మ పట్టి మిషను రెండేసి షీట్లు లాగుతోంది. ఆపేసి కూర్చున్నాం.

మా లైన్లో ఎవర్నయినా "ఉచిత సాఫ్ట్‌వేర్ వాడతావా" అని అడిగి చూడండి. "మేం వాడేదంతా ఉచితమే గదా" అంటారు. నేనూ అన్నవాణ్ణే. కొనేదానికీ, చేసినవాళ్ళే ఊరికే ఇచ్చేదానికీ మధ్య మేం ఏనాడూ బేరం చూడలేదు. మా బేరమంతా కొనేదానికీ కొట్టేసినదానికీ మధ్యనే. కొట్టేసింది చేతిలో ఉన్నంతకాలం ఊరికే దొరికే లిబ్రే ఆఫీస్ లాంటి ఆఫీసు ప్రోగ్రాం ఊసు ఎవరిక్కావాలి?

వానకి వేరే పని లేక కాపీరైటు చట్టం 63బి సెక్షను చదివా. తెలిసి తెలిసి దొంగ ప్రోగ్రాం వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. లాభం కోసం వాడకపోతే కోర్టు జైలు లేకుండా వదలొచ్చు. మాది వ్యాపారమే మరి. నిజం చెప్పాలంటే నన్ను కదిలించింది జైలు భయం కాదు. రెండో మిషన్లో ఉన్నది విండోస్ 10. దానికి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. కస్టమర్లు తెచ్చే పెన్‌డ్రైవులన్నీ గుచ్చేది దానికే.

మూఢం అయ్యేలోగా దొంగది ఒక్కటీ లేకుండా చేయాలని గోడ మీద రాసిపెట్టా. కొనాలా, ఊరికే వచ్చేవాటికి పోవాలా అన్నది పనిలో పెట్టి తేల్చుకోవాలి.

డిసెంబరు 3

పేజీలు పేర్చేదానికి, బొమ్మలు గీసేదానికి కొటేషన్లు తెప్పించాను. నాయన కళ్ళజోడు పెట్టుకుని చదివి, "ఇది ఒక్కసారికా, ఏడాదికా?" అన్నాడు.

ఏడాదికి. ఒక్కో మిషనుకు.

"అయితే బాడుగ అని చెప్పు."

నాయన లెటర్‌ప్రెస్ మనిషి. సీసం అక్షరాలు కిలోల లెక్కన కొని, అరిగిపోతే కిలోల లెక్కనే కరిగించేవాళ్ళకు అమ్మినవాడు. అరిగిన అక్షరానికి కూడా ఎంతో కొంత వస్తుందని తెలిసినవాడికి, డబ్బు కట్టడం ఆపితే తలుపు మూసుకునే సరుకు మింగుడుపడదు. నాకంత పట్టింపు లేదు. బాడుగకు తగిన పని జరిగితే కట్టొచ్చు. అందుకని అమ్మేవాళ్ళను ఒకటే అడిగా: రాత్రి తొమ్మిదికి అచ్చు ప్లేటు పోవాలి, తెలుగులో ఒత్తు జారింది, ఫోను ఎవరెత్తుతారు? టికెట్ పెట్టమన్నారు, అంటే ఫిర్యాదు రాసి కాచుకోవడం. ఇంకోళ్ళు తెలుగు గురించి తమకు తెలీదని నేరుగానే చెప్పారు. ఆ రెండోవాళ్ళ మీద గౌరవం కలిగింది.

డిసెంబరు 6

కావలి నుంచి కుర్రోడొచ్చాడు. అక్కడ రెండు స్కూళ్ళ ల్యాబులు చూస్తుంటాడు. కొత్త మిషన్లో విండోస్ బదులు ఊరికే దొరికే లినక్స్ మింట్ 22 వేశాడు. దీనికి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. లిబ్రే ఆఫీస్, బొమ్మలకు ఇంక్‌స్కేప్, పేజీలకు స్క్రైబస్. మొత్తం గంటన్నర. లేజర్ ప్రింటరు తగిలిస్తే దానంతటది గుర్తుపట్టింది. ట్రేసింగ్ పేపర్ మీద ప్లేటుకు కావాల్సినంత నలుపు వచ్చింది. సగం భయం అక్కడే పోయింది.

నాయన వెనక నిలబడి చూస్తూ, "ఊరికే ఇచ్చేవాడు ఎట్ట బతుకుతాడబ్బయ్యా?" అని అడిగాడు. కుర్రోడు రెడ్ హ్యాట్ అనే లినక్స్ కంపెనీ సంగతి చెప్పాడు. వాళ్ళ సరుకు చాలావరకు ఎవరైనా చూడగలిగే కోడుతో చేసిందే, వాళ్ళు అమ్మేది బాగోగులు చూసుకునే ఒప్పందం. ఆ కంపెనీని 2019లో ఐబీఎం 3,400 కోట్ల డాలర్లకు కొనింది. నాయన ఏమీ అనలేదు కానీ కుర్రోడికి రెండో టీ చెప్పాడు.

తర్వాత ఒక పాత పేజ్‌మేకర్ ఫైలు లిబ్రే ఆఫీస్ డ్రాలో తెరిచి చూశాం. తెరుచుకుంది! బార్డర్లు, గళ్ళు, వినాయకుడి బొమ్మ ఎక్కడివక్కడే ఉన్నాయి. తెలుగు ఉండాల్సిన చోట మాత్రం డాలరు గుర్తులు, నెత్తిన కొమ్ములున్న ఫ్రెంచి అక్షరాలు.

తప్పు లిబ్రే ఆఫీస్‌ది కాదు. పాత ఫాంట్లలో 'క' అనే అక్షరం కంప్యూటర్‌కు తెలీదు. ఏదో ఇంగ్లీషు అక్షరం స్థానంలో తలకట్టు బొమ్మ, ఇంకో గుర్తు స్థానంలో ఒత్తు బొమ్మ పెట్టి కంటికి తెలుగులా చూపిస్తాయి. ఫాంటు తీసేస్తే తెలుగు లేదు. ఇప్పటి పద్ధతి యూనికోడ్. అందులో 'క'కు సొంత నంబరు ఉంటుంది, ఏ ఫాంటు వేసినా అది 'క'నే. ఇరవై రెండేళ్ళు మేం తెలుగు టైపు చేశామనుకున్నాం. చేసింది బొమ్మలు అతికించడం.

పేజ్‌మేకర్ మీద ఇంత ఆధారపడటమూ తెలివితక్కువే. 1985లో ఆల్డస్ తెచ్చిన సరుకు, 1994లో అడోబీ చేతికొచ్చింది, 7.0 వచ్చింది 2001లో. దాని తర్వాత ఇంకో మెట్టు లేదు. మా ప్రెస్సుల్లో మాత్రం నిన్న వచ్చినట్టే వాడుతున్నాం.

డిసెంబరు 11

అసలు పరీక్ష మా ఆపరేటర్ అక్కది. ఇరవై ఏళ్ళుగా పాత కీబోర్డు. మ్యాటరు వంక చూస్తూ కొడుతుంది, వేళ్ళ వంక చూడదు. ఆమెకు యూనికోడ్‌లో కొట్టే కీబోర్డు అమరిక, ఇన్‌స్క్రిప్ట్, నేర్పాలి.

ఇన్‌స్క్రిప్ట్‌లో హల్లులు చాలావరకు కుడిచేతి కింద, గుణింతాలు ఎడమచేతి కింద. మన భాషల్లో చాలావాటికి దాదాపు అదే అమరిక. అర్థమైతే అందంగా ఉంటుంది. అర్థమయ్యేదాకా నరకం. పాత పద్ధతిలో ఆమెకు 'శ్రీ' ఒక్క దెబ్బ. ఇప్పుడు షిఫ్టు పట్టుకుని ఎం, తర్వాత పొల్లుకు డి, రకారానికి జె, దీర్ఘానికి ఆర్. నాలుగు దెబ్బలు. తెర మీద ముందు శ, తర్వాత శ్, తర్వాత శ్ర, చివరికి శ్రీ. మధ్యలో ఆ అక్షరం రూపాలు మారుతుంటే అక్క చెయ్యి ఆపి చూస్తోంది.

"ఇదేంది తమ్ముడూ, నేను కొట్టేది ఒకటి, ఇది గీసేది ఒకటి. మధ్యలో ఎవురో కూర్చొని రాస్తన్నట్టుండాది."

ఉన్నారు. ఆ రాసేదాని పేరు హార్ఫ్‌బజ్. ఊరికే దొరికే సరుకే, ఆండ్రాయిడ్ ఫోన్లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ ఒత్తులు కూర్చేది కూడా అదే. స్క్రైబస్ పాత వరస 1.4లో తెలుగు విరిగి ముక్కలయ్యేది. 1.5లో హార్ఫ్‌బజ్ చేర్చారు, 2024 జనవరిలో 1.6గా నిలకడకు వచ్చింది. రెండేళ్ళ ముందు ఈ పని మొదలుపెట్టుంటే నేనే మానుకోమని చెప్పేవాణ్ణి.

ఈరోజు కొలత: ఒక కరపత్రం మ్యాటరు పాత కీబోర్డులో 11 నిమిషాలు, ఇన్‌స్క్రిప్ట్‌లో 48. అక్క భోజనానికి కూడా పిలవకుండా వెళ్ళిపోయింది.

డిసెంబరు 14

పాత ఫైళ్ళు 1,140 ఉన్నాయి. రీప్రింట్లకు వస్తూనే ఉంటాయి. అన్నీ కూర్చుని మార్చే పని కాదు. పొద్దున రైలెక్కి చెన్నైలో ఎలక్ట్రానిక్సు బజారు రిచీ స్ట్రీట్‌కు పోయి, 25 సూదుల పోర్టున్న సెకండ్ హ్యాండు పెట్టె 2,500కు తెచ్చాను. అమ్మినాయన దాన్ని ఇంకా ఎవరడుగుతారని నవ్వాడు.

చచ్చిన మిషను హార్డ్ డిస్కు ఇందులో బిగించి, లాకు గుచ్చి, ఆన్ చేశాం. కాసేపు ఏమీ లేదు. తర్వాత తెలుగు వచ్చింది. నాయన ఏదో పని ఉన్నట్టు బయటికెళ్ళి, తిరిగొచ్చి మళ్ళీ చూశాడు.

మూల బల్ల మీద పెట్టాం. నెట్ లేదు, పెన్‌డ్రైవు నిషేధం. రీప్రింటుకు వచ్చిన ఫైలునే అక్క కొత్తగా కొడుతుంది, మిగతావి నిద్రపోతుంటాయి. ఇక్కడొకటి ఒప్పుకోవాలి: ఇందులో ఫాంట్లు మావే, పేజ్‌మేకర్, విండోస్ మాత్రం దొంగవే. గోడ మీద రాసిన మాట ఇంకా నెరవేరలేదు.

డిసెంబరు 20

ఫాంట్ల రోజు. ఊరికే దొరికే తెలుగు ఫాంట్లు దించి అక్కకు చూపించా. పొన్నాల, రామభద్ర, మండలి, సూరన్న, పెద్దన, తిమ్మన, ధూర్జటి, గిడుగు, గురజాడ. "భువనవిజయమంతా ఇక్కడే ఉండారే" అంది. గిడుగు, గురజాడ ఆ సభలో లేరని నేను అనలేదు, మూడు రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది.

వీటి లైసెన్సు చిన్నదే, మొత్తం చదివా. అచ్చు వేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు, కావాలంటే అక్షరం రూపు మార్చుకోవచ్చు. ఫాంటును విడిగా అమ్మకూడదు, మార్చిన ఫాంటును పంచితే ఇదే లైసెన్సు కింద పంచాలి. ఇంత సూటిగా రాసిన కాగితం మా డీలరు ఏనాడూ ఇవ్వలేదు.

నా అభిప్రాయం: హెడ్డింగుకు పొన్నాల, రామభద్ర దివ్యంగా ఉన్నాయి. హెడ్డింగు కింద వచ్చే మ్యాటరుకు మండలి హాయి. కానీ శుభలేఖకు కావాల్సిన వయ్యారం, ఆ తోకలు తిరిగిన అక్షరాలు వీటిలో నాకు తగల్లేదు. పాత ఫాంట్లవాళ్ళు ఆ పని బాగా చేశారు. దానికే నాయన డబ్బు కట్టింది.

డిసెంబరు 29

తప్పు చేశాం. పెయింట్ల షాపు బిల్‌బుక్కులు, 50. 'హార్డ్‌వేర్' అని ఉండాల్సింది 'హార్డ్వేర్' అని పడింది. డకారం కింద వకారం ఒత్తుగా దిగిపోయింది. పాత పద్ధతిలో ఈ తప్పు రాదు, పొల్లు పెడితే పొల్లే. యూనికోడ్‌లో పొల్లు తర్వాత హల్లు వస్తే ఒత్తు చేసేస్తుంది. వద్దంటే మధ్యలో కంటికి కనపడని ఒక అక్షరం కొట్టాలి. అక్కకు తెలీదు. నాకు తెలుసు, చెప్పలేదు. ప్రూఫు చూసింది కూడా నేనే.

షాపాయన "ఇదేందయ్యా, నా కొట్టు పేరు నాకే నోరు తిరగడంలా" అన్నాడు. మళ్ళీ వేసిచ్చాం. కాగితం, సిరా, బైండింగు అన్నీ మా నెత్తినే. ఏ కంపెనీకి ఎంత కట్టినా ఈ నష్టం ఆగేది కాదు.

కావలికి ఫోను చేస్తే కుర్రోడు పది నిమిషాల్లో ఆ కనపడని అక్షరాన్ని ఒక మీటకు కట్టాడు. అక్క ఆ మీట మీద తిలకం బొట్టు పెట్టింది.

జనవరి 7

బట్టలషాపు సంక్రాంతి కరపత్రం, ఫోర్‌కలర్. మాది సింగిల్ కలర్ మిషను కాబట్టి ఊళ్ళోనే పెద్ద ప్రెస్సుకు పీడీఎఫ్ పంపుతాం. తొందరలో లిబ్రే ఆఫీస్‌లోనే చేసి పంపించా. అరగంటకు అక్కడి పెద్దాయన ఫోను:

"ఏందబ్బయ్యా, నీ నలుపు నాలుగు ప్లేట్లలో ఉండాది. అడ్రసు చదవాల్నా వద్దా?"

నేను పోతే ఆయన పాత ప్రూఫొకటి తీసి భూతద్దం కింద పెట్టి చూపించాడు. ఎనిమిది పాయింట్ల అక్షరం. ఒక అంచున గులాబి, ఇంకో అంచున నీలం. నలుపును నాలుగు రంగులు కలిపి చేస్తే, ప్లేటు వెంట్రుకవాసి జరిగినా సన్న అక్షరాలకు ఇలా నీడ పడుతుంది. నలుపు నలుపు ప్లేటులోనే ఉండాలి. లిబ్రే ఆఫీస్ రంగుల్ని తెర లెక్కలో చూస్తుంది, అచ్చు లెక్కలో కాదు. స్క్రైబస్‌కు అచ్చు లెక్క తెలుసు. మ్యాటరంతా అందులోకి మార్చి, నలుపు వంద శాతం, మిగతా మూడూ సున్నా పెట్టి, రాత్రి ఎనిమిదికి మళ్ళీ పంపా. ఈసారి బాగుంది.

సపోర్టు గురించి నెల రోజులుగా ఆలోచిస్తున్నా. ఈ నెలలో మాకు దొరికిన అసలు సపోర్టు ఒక పోటీ ప్రెస్సు పెద్దాయన.

జనవరి 20

ఖాతాల సంగతి. దీనిమీద పెద్దగా ఆలోచించలేదు. టాలీ కొన్నాం. 22,500, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 26,550. మా ఆడిటరు గారికి టాలీ ఫైలే కావాలి. ఊరికే వచ్చేవాటిలో మంచివి ఉండొచ్చు, కానీ నేను మిగిల్చే డబ్బుకు ఆయన తిప్పలు పడాలంటే ఆయన ఫీజు పెంచుతాడు. అసలు లైసెన్సుతో విండోస్ 11 ఉన్న ఒక మిషను దానికే కేటాయించాం. కస్టమర్ల పెన్‌డ్రైవులు ఇక దానికి తగలవు, లినక్స్ మిషనుకే.

మా బామ్మర్ది "మొత్తం ఉచితం చేస్తానన్నావే" అని ఎగతాళి చేశాడు. నేను అన్నది దొంగవి వద్దని. వాడికి రెండూ ఒకటే.

ఫిబ్రవరి 3

కావలి కుర్రోడితో మాట్లాడుకున్నాం. నెలకు వెయ్యి, ఏడాదికి పన్నెండు వేలు. నెలకోసారి వస్తాడు, ఫోను ఎప్పుడైనా ఎత్తుతాడు. కాగితం మీద రాసి ఇద్దరం సంతకం పెట్టాం.

కొటేషన్లలో ఒక్క మిషను బాడుగ కన్నా ఇది తక్కువ. కానీ తక్కువని మాత్రమే ఒప్పుకోలేదు. ఇతనికి నా ప్రింటరు దగ్గు తెలుసు, అక్క కోపం తెలుసు. ఇతనికి ఒంట్లో బాగాలేకపోతే? హైదరాబాదులో ఉద్యోగమొచ్చి వెళ్ళిపోతే? ఆ భయం ఉంది. అందుకని చేసిన ప్రతి మార్పూ ఒక నోటుబుక్కులో తెలుగులో రాయించుకుంటున్నా. డీలరు మాయమైనప్పుడు లాకు లోపల ఏముందో చూసే దారి మాకు లేదు. ఈ కుర్రోడు పోతే నోటుబుక్కు ఉంటుంది, ఇంకో కుర్రోడు చదువుకుంటాడు.

శివరాత్రి అన్నదానం కరపత్రం అక్క ఒక్కతే చేసింది. 14 నిమిషాలు. చెప్పకుండా గడియారం చూశా, ఆమె కూడా చూసింది.

ఫిబ్రవరి 18

మూఢం విడిచింది. పొద్దున్నే మొదటి శుభలేఖ. కోవూరు నుంచి వచ్చిన పెద్దాయన, చిన్న కూతురి పెళ్ళి. 400 కార్డులు, శివకాశి కార్డు మీద బంగారు సిరా, స్క్రీన్ ప్రింటింగు. చేతిలో పెద్దమ్మాయి శుభలేఖ పట్టుకొచ్చాడు, 2014లో మేం వేసిందే. కవరు పసుపు ఇంకా పోలేదు.

అక్క అరగంటలో స్క్రైబస్‌లో పేర్చి చూపించింది. ఆయన చూసి బాగుందన్నాడు. తర్వాత పాత కార్డు పక్కన పెట్టి, వధువు పేరు మీద వేలు ఆనించాడు.

"మా పెద్దదాని పేరుకు ఈ తోక ఉండాదమ్మా. చిన్నదానికి లేకపోతే రేపు నన్ను నిలదీస్తది."

ఆ తోక కొత్త ఫాంట్లలో లేదు. పొన్నాల చూపించాం, సూరన్న చూపించాం. ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు.

అక్క లేచి మూల బల్ల దగ్గరికెళ్ళి, పాత పెట్టె మీద గుడ్డ తీసి ఆన్ చేసింది. ఆ ఒక్క పేరూ పాత వేళ్ళతో కొట్టి, పీడీఎఫ్ చేసి సీడీలో ఎక్కించింది. ఇంక్‌స్కేప్‌లో దాన్ని గీతలుగా తెరిచి, తోక దారపుపోగంత పలచబడితే స్క్రీన్లో నిలవదని కాస్త లావు చేసి, స్క్రైబస్ పేజీలో పేరున్న చోట కూర్చోబెట్టింది. నాయన ప్రూఫు చదువుతూ, ఆ అక్షరం దగ్గర ఆగి, బీరువా వైపు చూసి, "బిల్లుండాదిలే" అన్నాడు.

తర్వాత అదే ప్రూఫులో వారం తప్పు పట్టాడు. శుక్రవారం బదులు గురువారం పడింది. దిద్దాం. స్క్రీను ఆరుతోంది, కార్డులు రేపు సాయంత్రానికి.